మూరెడు చూపు

సోనాపురం దాటాక రోడ్డు ఇసకలో ములిగిపోయింది.
ఆటో అక్కడే ఆగింది. మిగతాది నడక:
జీడితోట, మొగలి పొదలు, ఆ తర్వాత సరుగుళ్ళు,
వాటి నిండా ఎవరో దూరంగా
బియ్యం చెరుగుతున్న చప్పుడు.
సముద్రం అనుకున్నాను. కాదు, గాలి.
సముద్రం చప్పుడు వేరే. అది రాత్రికి తెలిసింది.

లాడ్జి అంటే ఆరు గదులు, తాటాకు కప్పు.
బెహరా గారు రిజిస్టరు తెరిచి
'వచ్చిన పని' గడి దగ్గర పెన్ను ఆపారు.
బరంపురం కోర్టులో పాతికేళ్ళుగా
తెలుగు సాక్షుల మాటల్ని ఒడియాలోకి,
ఒడియా ప్రశ్నల్ని తెలుగులోకి మార్చేదాన్ని.
ఆ ఒక్క గడికి మాట దొరకలేదు.
"చూడ్డానికి" అని రాయమన్నాను.

పొద్దున్నే దానేసు వచ్చాడు,
సిలిండరుని నిద్రపోయే బిడ్డలా భుజానేసుకుని.
ఇది తాబేళ్ళ కాలం, ఇక్కడ వల వెయ్యకూడదు.
"అందుకే ఈ పనమ్మా. మా అయ్యయితే
డబ్బాలేటీ నేకుండానే ములిగీవోడు,
రాతికి తగులుకున్న వల ఇడిపించడానికి.
సెవుల్లోంచి రగతం వచ్చీది.
ఆడికెవుడూ గంటకింతని ఇవ్వనేదు."
నవ్వాడు. నా నడుముకి సీసం బిళ్ళలు బిగించాడు.
"నీటిలో ఒకటే రూలు. ఊపిరి బిగబట్టకూడదు.
బయపడితే బయపడండి.
గాలి మాత్రం ఇడిసిపెట్టండి."

దిగాం.
క్యాలెండర్లో ఉండే నీలం కాదు.
బాహుదా మొగ కక్కిన ఒండ్రు, టీ రంగు నీళ్ళు.
చాచిన చెయ్యి మోచేతి అవతల నాది కాదు.
ఆ మూరెడులోకి ఒక చేప వచ్చి,
నన్ను చూసి, పనికిరానిదాన్నని తేల్చుకుని పోయింది.
తర్వాత ఒక రాయి. రాతికి చుట్టుకున్న
ఎవరిదో పాత నైలాను వల,
అందులో ఖాళీ పీత డొల్లలు,
ఇంకా ఆశగా తెరుచుకున్న కన్నులు, వలవి.
దానేసు కత్తి తీసి కోస్తున్నాడు,
తొందర లేకుండా, జడ చిక్కు తీస్తున్నట్టు.

నేను వింటున్నాను. వినడానికి ఒక్కటే ఉంది.
యాభై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి
నాతో ఒక్కసారీ మాట్లాడనిది,
నా ఊపిరి,
గరగరమంటూ పలకరిస్తోంది.

ఒడ్డున బెహరా గారు: "ఏం చూశారు?"
ఈ ప్రశ్నని ఎన్ని వేలసార్లు అటూ ఇటూ మోశానో.
ఏమీ చూడలేదంటే ఆ సాక్షి చెల్లడు.
"ఏమీ చూడలేదు" అన్నాను,
టవల్లోంచి, పళ్ళు టకటకలాడుతుంటే, సంతోషంగా.

రాత్రి పదకొండు. తలుపు మీద ఒక వేలు.
"లైటు ఆర్పీండి. వస్తంది."

ఎర్ర కాగితం చుట్టిన టార్చి, అదీ నేల వైపే.
తడి ఇసక మీద ఒక బండ కదిలింది.
నాలుగు ఈడ్పులు, ఆగడం, పెద్ద నిట్టూర్పు.
ఆ నిట్టూర్పు నాకు తెలుసు.
పొద్దున్న నీళ్ళలో విన్నదే.
సరుగుళ్ళ అంచున ఒక నక్క
రెండో పంక్తి కోసం కూర్చున్న బంధువులా.
తాబేలు వెనక కాళ్ళతో ఇసక తాకింది,
ఒకసారి తోడింది.
మూడో గదిలో ఎవరో ఫోను వెలిగించారు.

అంతే. తల అటు తిప్పింది,
ఒళ్ళంతా తిప్పుకోడానికి చాలాసేపు పట్టింది,
వచ్చినంత బరువుతోనూ వెళ్ళిపోయింది.

దానేసు మూడో గది వైపు చూడనైనా లేదు.
"రేపొస్తాది. నేపోతే ఎల్లుండి.
కడుపులో ఉన్నదాన్ని ఎక్కడ దాస్తాది?"
నక్క కూడా లేచింది, ఒళ్ళు విరుచుకుంది.

తెల్లారి నడిచాను.
రాకా పోకా రెండు జాడలు,
ట్రాక్టరు తిరిగినట్టు. అప్పటికే
పాటు వేళ అల ఒకదాన్ని వదిలేసి
ఒకదాన్ని సగం తినేసింది. ఏది రాకో,
ఏది పోకో, ప్రమాణం చేసి చెప్పలేను.

సోమవారం కోర్టు. సంచీ సర్దుకున్నాను.
వంటింటి వెనక, దానేసు ఏడాదిగా కోసి తెచ్చిన
వలల కుప్ప నా ఎత్తుంది.
దాని నడుమ గుంట చేసుకుని
ఒక నల్ల కోడి కూర్చుంది, కళ్ళు సగం మూసుకుని.
నేను వంగేసరికి ముక్కుతో పొడిచింది.
వేలు చీకుతూ నిలబడ్డాను.
దానికోసం ఎవరూ లైట్లు ఆర్పలేదు.